గట్టు మీద సమాధి

కొల్లేట్లోకి నీళ్లు రావడానికి తమ్మిలేరు, బుడమేరు, ఊరూరి మురుగు కాలవలు, ఎన్ని దారులైనా ఉన్నాయి. పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దిక్కు. సముద్రం పోటు మీద ఉంటే అదీ లేదు. ఇంత తెలిసీ మావాళ్లు సరస్సు నిండా చేపల చెరువులు తవ్వి గట్లు పోశారు. మా నాన్నా తక్కువ తినలేదు.

ఆ ఏడు వానలకు నీళ్లు మా లంక చుట్టూ చేరి కదలడం మానేశాయి. నాయనమ్మ అప్పుడే చనిపోయింది. సమాధుల తోట నడుములోతు నీళ్లలో ఉంది. నీరు తీస్తుందేమోనని శవపెట్టెను అరుగు మీదే ఉంచాం. తీయలేదు. నాకు ఊపిరాడేది కాదు. ఏ గుమ్మంలో నిలబడ్డా అవే నీళ్లు, వెనక్కి తిరిగితే అదే పెట్టె.

"ఏవండీ, ఇంక ఉంచలేమండీ. మన చెరువు గట్టొక్కటే పొడిగా ఉంది," అంది అమ్మ.

"గట్టు తవ్వితే గండి పడుద్ది. చేపలన్నీ పోతాయి."

"ఈ గట్లే లేకపోతే నీళ్లు ఈపాటికి ఉప్పుటేట్లోకి పోయేవి కాదాండీ? అత్తయ్యగారికి సమాధుల తోటలోనే చోటు దొరికేది."

నాన్న పార తీసుకుని పడవెక్కాడు. గట్టు నిలిచింది. నాయనమ్మను పెట్టిన చోట సిమెంటు సిలువ నాటాడు.

మరుసటి ఏడు గట్లు కొట్టేయడానికి ప్రభుత్వం మిషన్లు తెచ్చింది. వాటిని ఆపాలని ఊళ్లో కొందరు తమ గట్ల మీద ఉత్తుత్తి సిలువలు పాతారు, కొందరు ఇటుకలు పేర్చి దేవుళ్లను నిలబెట్టారు. ఆ తెలివికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా సిలువ చూసి ఆఫీసరు నవ్వారు. "ఇదీ ఆ బాపతేనాండీ?"

"కాదండీ. మా అమ్మండీ."

"అందరూ అదే చెబుతున్నారండీ. నిజమైతే తవ్వి చూపించండి."

నాన్న మళ్లీ పార పట్టాడు. మిషను నడిపేవాడు తల తిప్పుకున్నాడు. చెక్క తగిలిన చప్పుడుకి ఆఫీసరు, "చాలండీ, ఆపెయ్యండి," అన్నారు. సమాధి చుట్టూ కాస్త మట్టి వదిలి మిగతాదంతా తోసేశారు.

గట్లు పోయాక నీళ్లకు దారి దొరికింది. తర్వాతి వానలకు సమాధుల తోట మునగలేదు. ఊరంతా సంతోషించింది. ఆ పారే నీళ్లే మా సమాధి దిబ్బను కొంచెం కొంచెంగా కోసేశాయి. సిలువ ఒరిగింది, తర్వాత కనపడలేదు. పడవలో వెళ్తూ ఎవరైనా "మీ అమ్మగారిని ఎక్కడ పెట్టారండీ?" అని అడిగితే, నాన్న చెయ్యెత్తి, ఎటు చూపించాలో తెలియక దించేసేవాడు.