ఎగువ వైపు రాయి

మేస్త్రీ బాడిసెతో కొయ్యల మొనలు చెక్కుతున్నాడు. నాలుగు దెబ్బలకొక మొన. నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేసిన చేతులవి. మనిషి ఎలా ఉన్నా వాటి పని అవి చేసుకుపోతాయి.

మూడు నెలల క్రితం భార్య పోయింది. ఆ రోజు ఆయనకు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు భుజం పట్టుకుంటే, అది ఎవరిదో భుజం అన్నట్టు చూశాడు.

వీధి చివర వాగు ఉంది. ఆదివారాలు అక్కడ చెత్త ఏరి, కలుపు పీకి, ఆ నేలలో పుట్టిన చెట్లనే మళ్లీ పెంచే బృందాన్ని మొదలుపెట్టింది ఆమే. మొక్కల సంగతి ఆమెకు తెలుసు. ఆయన పారలకు పిడులు వేసేవాడు, అంతే. కిందటి వానల్లో ఆమె గట్టు మీద నాటిన మొక్కలు ఇప్పుడు గడ్డిలో కలిసిపోయాయి. మున్సిపాలిటీ వాళ్ల గడ్డి కోసే బండి ఈ రోజు పదింటికి వస్తుంది. కొయ్య పాతి ఉన్న మొక్కను వదిలేస్తారు. లేనిది గడ్డితో పాటే పోతుంది.

కొయ్యలు భుజాన వేసుకుని గట్టెక్కేసరికి మరదలు అక్కడే ఉంది. కాస్త ఏపుగా కనిపించిన మొక్క పక్కన ఆయన కొయ్య దిగ్గొట్టాడు.

"బావా, అది కలుపు. దానికి సింహాసనం వేస్తున్నావేంటి?"

"ఆకు అలాగే ఉంది కదా."

ఆమె ఆకు నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు. అక్క ఉంటే నీ చేతిలో సుత్తి లాక్కునేది."

"మరి మనవి ఏవి?"

ఆమె వంగి గడ్డిలోకి చూసింది. "పెద్దవైతే చెప్పేదాన్ని. ఇంతింత పిల్లమొక్కలు అక్కకే తెలుసు బావా."

తప్పు కొయ్యను పీకడానికి మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేలకు ఆనించిన అరచేతికి గడ్డి కింద చల్లగా, పలకలా ఏదో తగిలింది. వాగులో దొరికే నున్నటి రాయి. గడ్డి పాయ తీశాడు. రాయికి దిగువన బెత్తెడు మొక్క.

వాన నీళ్లకు వేరు దగ్గర మట్టి కోసుకుపోకుండా ప్రతి మొక్కకూ ఎగువ వైపు ఒక రాయి నొక్కిపెట్టేది భార్య. "మొక్కలకు దిండ్లు కూడానా?" అని ఆయన ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో. ఆమె ఇంకో రాయి ఏరుకొచ్చేది.

"కళ్లతో కాదు, చేత్తో వెతుకు," అన్నాడు మరదలితో.

ఇద్దరూ గట్టు పొడవునా మోకాళ్ల మీదే జరిగారు. రాయి తగిలిన చోటల్లా కొయ్య. ఆయనకు లోపల ఏమీ అనిపించలేదు. రాయి చల్లదనం మాత్రం వేళ్లకు తెలుస్తూనే ఉంది.

పదింటికి బండి వచ్చింది. డ్రైవర్ దిగి గట్టంతా చూశాడు.

"మేస్త్రీ గారూ, ఇన్ని కొయ్యలా! నా బండి వీటి మధ్య తొక్కుడుబిళ్ల ఆడాలా?"

"నిదానంగా ఆడించు."

డ్రైవర్ ఒక కొయ్య దగ్గర ఆగాడు. "ఇక్కడ మొక్కేదీ? ఎండు పుల్ల కూడా లేదు."

"రాయి ఉంది."

"రాయికి కాపలానా?"

మేస్త్రీ ఆ కొయ్యను ఇంకో దెబ్బ లోపలికి దిగ్గొట్టాడు. మరదలు ముఖం తిప్పుకుంది. డ్రైవర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, టోపీ సర్దుకున్నాడు.

"సరే, ఉండనీండి. చుట్టూ తిప్పుకుంటాను."

మేస్త్రీ మిగిలిన రెండు కొయ్యలూ, సుత్తీ అతని చేతికిచ్చాడు. "ఎక్కడైనా రాయి కనిపిస్తే దిగు. దాని పక్కన ఇది పాతు. రాయికి దిగువన, గుర్తుపెట్టుకో."

డ్రైవర్ వాటిని సీటు పక్కన పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు.