లాంచీ యజమానిని చంపిందెవరు

"ఈ గదిలో ఉన్న ముగ్గురిలో ఒకరు లాంచీ యజమానిని చంపారు. ఆ ఒకరు ఎవరంటే..." అని మా బావగారు గొంతు తగ్గించారు. స్పీకర్లో టక్కుమని ఒక చప్పుడు వినిపించింది. ఆ వెంటనే అదే బావగారు, అదే గంభీరమైన గొంతుతో, "అందరం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఏకీభవిద్దాం" అన్నారు. పోయిన శనివారం, షికాగో శివారు నేపర్‌విల్‌లో మా అక్క వంటింట్లో, లాప్‌టాప్ చుట్టూ కూర్చున్న మేం నలుగురం కళ్ళు మూసుకోలేదు. అక్క కళ్ళు మరీ పెద్దవయ్యాయి. ఎనభై దాటిన బావగారు చెవిలోంచి వినికిడి మిషన్ మెల్లగా తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. పాత క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన మేనల్లుడు, "దట్స్ ఇట్, మామయ్యా. మిగతాదంతా డాడ్ ప్రేయర్ ఏ ఉంది" అన్నాడు. ఎంతసేపురా అని అడిగాను. "టేప్ అయిపోయేదాకా" అన్నాడు.

ఈ విషయంలో నాకు మిగతా శ్రోతలకంటే కాస్త ఎక్కువ పట్టింపు ఉండటానికి కారణం, ఆ చనిపోయిన లాంచీ యజమానిని నేనే. నన్ను ఎవరు చంపారో తెలుసుకోవాలనుకోవడం అత్యాశేమీ కాదని నా ఉద్దేశం.

అక్క డెబ్బైలలో నర్సుగా షికాగో వచ్చింది. ఆసుపత్రి నుంచి కారులో ఇంటికి వచ్చే దారిలో రేడియోలో పాతకాలపు నేరకథల నాటకాలు మళ్ళీ వేసేవారు. కిర్రుమనే తలుపు, తడిసిన రోడ్డు మీద బూట్ల చప్పుడు, గ్లాసులో ఐసు ముక్కలు గలగలమన్నాక నెమ్మదిగా నిజం ఒప్పుకునే మనిషి. మొదట్లో ఆ ఇంగ్లీషు యాస ఆమెకి సగమే అర్థమయ్యేదట. అడుగుల చప్పుడికి మాత్రం యాస ఉండదు కదా, దాన్ని పట్టుకుని కథ మొత్తం అల్లుకునేది. నాటకం అవకముందే ఇల్లు వచ్చేస్తే దిగేది కాదు. ఇంటి ముందు కారు ఆపుకుని, ఇంజను ఆపకుండా అలాగే వినేది. బావగారు లోపలినుంచి వరండా లైటు వేస్తూ ఆర్పుతూ ఉండేవారు. అది పెట్రోలు గురించిన హెచ్చరిక. అక్క దాన్ని కథలో మెరుపుల కింద జమ వేసుకునేది.

నేను వచ్చేసరికి ఆమెకి ఆ పిచ్చి బాగా ముదిరింది. ఇక్కడి శివారు దినపత్రికలో నాకు ఉద్యోగం దొరికింది; ఊరి కౌన్సిళ్ళు మురుగు కాలవల మీద చేసే చర్చలు రాయడం నా పని. హత్యలు మా అక్క విభాగం. అప్పట్లో మనవాళ్ళు ఆదివారాలు ఒక స్టేషన్‌లో అరగంట అద్దెకు తీసుకుని తెలుగు కార్యక్రమం నడిపేవారు. పాటలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల కొట్టు ప్రకటన. అందులోంచి పది నిమిషాలు అడిగి తీసుకుని, తను పుట్టి పెరిగిన బందరు రేవులో జరిగినట్టుగా ఒక సీరియల్ రాసింది అక్క. లాంచీ యజమాని శవమై దొరుకుతాడు; ఆ వేషం నాది. అనుమానితులు ముగ్గురు: అతనికి మందిచ్చిన డాక్టరు, లాంచీ నడిపే సరంగు, యజమాని రెండో భార్య. చర్చి పెద్ద, అప్పటికే మంచి గొంతున్న మా బావగారు డిటెక్టివ్.

గరాజ్‌లో గడ్డి కోసే మిషన్ మీద దుప్పటి కప్పి నడిపితే అచ్చం లాంచీ ఇంజనే. బాత్‌టబ్బులో నీళ్ళు సముద్రం. బందరు ఇసుక ఎక్కడ తేగలం? బాగా గడ్డకట్టిన మంచు మీద బూట్లతో నడిస్తే ఎండిన ఇసుక మీద నడిచినట్టే కరకరలాడుతుందని కనిపెట్టింది అక్కే. హంతకుడి అడుగులు కూడా నా చేతే వేయించింది. అంటే నన్ను చంపడానికి నేనే నడిచి వచ్చాను. చచ్చేటప్పుడు నా మూలుగు ఆమెకి ఎన్నిసార్లకీ నచ్చలేదు. "చచ్చేవాడు అంత వివరంగా మూలగడురా. పేపరువాడివి కదా, క్లుప్తంగా చావు" అంది.

అసలు చిక్కు రహస్యంతో వచ్చింది. మా తెలుగు చర్చిలో భోజనాలు మొదలయ్యేటప్పుడు ఎవరి చెవిలోనైనా ఒక మాట వేస్తే, చేతులు కడుక్కునేలోగా అది దూరపు శివారు షామ్‌బర్గ్ చేరుతుంది. హంతకుడెవరో చెప్పమని అక్కకి డ్యూటీలో ఉండగా ఫోన్లు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. చివరి భాగానికి ముగ్గురు అనుమానితులనూ వేరువేరుగా ఇంటికి పిలిచింది. టీ ఇచ్చి, తలుపు వేసి, "హంతకులు మీరే, ఎవరికీ చెప్పకండి" అని ఒక్కొక్కరి చేతా నేరం ఒప్పించి రికార్డు చేసింది. బావగారి చేత ముగ్గురి పేర్లూ చెప్పించి ముగ్గురినీ పట్టించింది. తర్వాత స్టేషన్‌కి ఒక్కతే వెళ్ళి, తనకు నచ్చిన ముగింపు అతికించి, ఒక కాపీ ఇంటికి తెచ్చుకుంది. ప్రసారమయ్యాక ఆ టేపునీ, మిగిలిన రెండు ముగింపులున్న టేపులనీ స్టేషన్‌వాళ్ళు ఎప్పటిలాగే తుడిచి వాడుకున్నారు.

ప్రసారం రోజున మా చర్చివాళ్ళం ఎవరమూ వినలేదు; బయట విన్నవాళ్ళెవరో మాకు తెలియదు. మామూలుగా ఆరాధన ముగియగానే అందరం పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తి, ఎవరి కారులో వాళ్ళం తలుపులు బిగించుకుని రేడియో పెట్టుకునేవాళ్ళం. ఆ ఆదివారం కోస్తా నుంచి వచ్చిన అతిథి పాస్టర్‌గారు "చివరిగా ఒక్క మాట" అని పలుమార్లు అన్నారు. మేం కార్లు చేరేసరికి చీరల కొట్టు ప్రకటన వస్తోంది. అందరూ అక్క చుట్టూ మూగారు. ఆమె నవ్వి, "క్యాసెట్ ఉంది. వంతులవారీగా పట్టుకెళ్ళి వినండి. నోటితో మాత్రం చెప్పను" అంది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. తన చేతిపని మీద అంత గర్వపడ్డ మనిషిని నేను అరుదుగా చూశాను.

క్యాసెట్ ఇవ్వబోయే ముందు ఒకసారి సరిచూసుకుందామని మరుసటి శనివారం వింటోంది. సరిగ్గా "ఎవరంటే" దగ్గర ఆసుపత్రి నుంచి ఫోను; మంచు వల్ల మనుషులు రాలేదు, రమ్మన్నారు. బటన్ నొక్కి ఆపి వెళ్ళిపోయింది. ఆదివారం డ్యూటీ పడిన నర్సుల కోసం చర్చి ప్రార్థన, వాక్యోపదేశం రికార్డు చేసి ఇవ్వడం మా బావగారి పరిచర్య. మర్నాడు ఆదివారం పొద్దున ఖాళీ క్యాసెట్లు లేవు, కొట్లు తెరవలేదు. రికార్డర్‌లో ఉన్నదాన్ని ఉన్నచోటినుంచే వాడారు. పొరపాటున అనడానికి వీల్లేదు. ఎవరూ దాని మీద రికార్డు చేయకుండా క్యాసెట్ అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కని అక్క ముందే విరిచేసింది. బావగారు ఇంజనీరు, ఆ కన్నం మీద సెల్లోటేపు అతికించి మరీ రికార్డు చేశారు. పసుపు రంగుకి తిరిగిన ఆ సెల్లోటేపు ఇప్పటికీ ఉంది, పోయిన శనివారం నా వేలితో తడిమాను.

అది తెలిసినప్పుడు అక్క ఒక్కటే అంది. "ఇక నా నోటినుంచి రాదు." రాలేదు. బావగారు బతిమాలినా, నేను బతిమాలినా, సరంగు వేషం వేసినాయన తూర్పు తీరంలో ఎడిసన్‌కి మారిపోతూ "నేనే కదా?" అని చివరిసారి అడిగినా చెప్పలేదు. మళ్ళీ ఇంకో నాటకమూ రాయలేదు. ఆమె తనకోసమని చేసుకున్న పని ఈ దేశంలో అదొక్కటే. ఈ మధ్య తనే అటక మీదినుంచి డబ్బా దింపించి, "ఒకసారి విని, అందరికీ చెప్పేస్తానురా. ఎన్నాళ్ళని" అంది. అందుకే పోయిన శనివారం కూర్చున్నాం. ప్రార్థన అయ్యాక ముగింపు చివర కొంతైనా మిగిలి ఉంటుందని ఆశపడింది.

"పోనీలే అక్కా, ఇప్పుడు చెప్పెయ్" అన్నాను.

చెప్పబోయింది. "డాక్టరే. కాదు, డాక్టరైతే అందరూ ఊహిస్తారని మార్చాను. మార్చి..." ఆగి బావగారి వైపు చూసింది. "మీరు ఎవర్ని పట్టుకున్నారండీ?"

బావగారు మిషన్ చెవిలో పెట్టుకుని, ప్రశ్న మళ్ళీ చెప్పించుకుని, "ముగ్గుర్నీ పట్టుకున్నాను కదా" అన్నారు.

నేను పాత అలవాటు కొద్దీ ఫోను పట్టుకున్నాను. షామ్‌బర్గ్‌లో డాక్టరు వేషం వేసిన డెంటిస్టుగారు, "నేనే తమ్ముడూ. ఏడుస్తూ ఒప్పుకున్నా గదా, మీ అక్క కూడా కళ్ళు తుడుచుకుంది" అన్నారు. ఎడిసన్‌లో సరంగుగారికి కోపం వచ్చింది. "ఆ పళ్ళ డాక్టరా? వాడికి చీమని చంపడం కూడా రాదండీ. పొడిచింది నేను." రెండో భార్య వేషం వేసిన, చర్చి క్వయర్‌లో పాడే ఆంటీ ఇప్పుడు లేరు. ఆమె కూతురు ఇంగ్లీషు కలిసిన తెలుగులో, "మమ్మీ ఆల్వేస్ చెప్పేది అంకుల్, తనే కిల్లర్ అని. పెళ్ళిళ్ళలో కూడా చెప్పేది" అంది. పత్రికలో ఒక్క మాట ధ్రువపరచుకోవడానికి ఇద్దరు దొరక్క నానా అవస్థలు పడ్డవాణ్ణి. ఇక్కడ ముగ్గురికి ముగ్గురూ నిజాయితీగా ఒప్పుకుంటున్నారు. ఒక్కటీ పనికిరాదు.

మేనల్లుడు తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మా, ఏఐతో ఎండింగ్ చేయిస్తా. డాడ్ వాయిస్ సేమ్ వస్తుంది."

"దానికేం తెలుసురా ఎవరు చంపారో" అంది అక్క. తర్వాత ఎవరినీ చూడకుండా, "నాకే తెలీనప్పుడు" అంది. బావగారు లేచి, అడక్కుండానే టీ పెట్టారు. వాళ్ళ పెళ్ళైనప్పటినుంచీ ఆయన టీ పెట్టడం నేను చూడలేదు. అక్క తాగలేదు.

ఎవరికీ తెలియకూడదని దాచిన మాటని కాలం ఆమెకి కూడా తెలియకుండా దాచిపెట్టింది. ప్రస్తుతానికి అందిన సమాచారం ఇది: లాంచీ యజమాని చనిపోయాడు, ముగ్గురు నేరం ఒప్పుకున్నారు, రికార్డింగు "ఆమెన్" దగ్గర ముగిసింది, హంతకుడెవరో తెలియదు.