గొంగడి కప్పుకున్న యేసు

చిన్న మంగళారం ఊళ్ళో గోడల మీద రాతలు రాసే స్వామిదాసుకు పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో చేతినిండా పని. ఊళ్ళో తెలంగాణ ఉద్యమానికీ చర్చికీ ఒక్కడే పెద్ద, మారయ్య. "ఏ గోడనూ ఇడువొద్దు" అని హుకుం జారీ చేసి, బయటి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళను ఉద్దేశించి "నాన్ ముల్కీలు వాపస్ పోవాలె" అని ఎర్రరంగుతో ఊరంతా రాయించాడు.

ఈస్టరుకు ముందు, చర్చి బయటి గోడ మీద మంచి కాపరిగా యేసు బొమ్మ వేయమన్నాడు. స్వామిదాసు తానెరిగిన కాపరినే వేశాడు. నల్లటి మొహం, భుజాన గొంగడి, చంకలో గొర్రెపిల్ల.

మారయ్యకు ఒళ్ళు మండింది. "ప్రభువును గొర్లు కాసేటోని లెక్క జేస్తవా? గిది దైవదూషణ!"

"కాపరే గద బాపు?"

మనోభావాలు దెబ్బతినాలంటే ముందు మనసుండాలి. మారయ్యకు క్యాలెండరుంది, ఎప్పుడో ఒక తెల్లదొర ఇచ్చిపోయినది. "ప్రభువు గిట్లుంటడు. సూసి గియ్యి" అన్నాడు.

స్వామిదాసు గొంగడి మీద సున్నం కొట్టాడు. బంగారు జుట్టు, నీలికళ్ళతో అచ్చం దొరనే దించాడు.

ఆదివారం ఆరాధనకొచ్చిన జనం గోడ ముందే ఆగిపోయారు. నీలికళ్ళ ప్రభువు పాదాల కింద, ఎర్రరంగులో, మారయ్య నినాదం.

"ఏ గోడనూ ఇడువొద్దంటివి గద బాపు," అన్నాడు స్వామిదాసు.

మారయ్య సున్నం బకెట్టు తెప్పించాడు. నినాదం చెరిపితే ఉద్యమద్రోహం. బొమ్మ చెరిపితే పాపం. నల్లటి ప్రభువును చెరిపించినప్పుడు గుర్తురాని పాపం, తెల్లటి ప్రభువు ముందు గుర్తొచ్చింది.

కుంచె మీద సున్నం ఎండిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.