మసావా రేవులో అడిగిన ప్రశ్న

మా ఉస్తాద్ పోయారు. ఆదివారం పొద్దున యార్డు స్టోర్‌లో పనివాళ్లకు సుత్తెలు పంచుతుంటే ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "మామ వెళ్లిపోయాడు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఖననం" అన్నాడు. నేను సుత్తె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎదురుగా ఉన్న బంగ్లాదేశ్ కార్మికుడు నా ముఖం చూసి, ఆ సుత్తెను నా చేతిలోంచి మెల్లగా తీసుకుని పక్కకు జరిగాడు.

ఇది ఏడుపుగొట్టు రాత అనుకోకండి. ఆయన తొంభై ఏళ్ల దాకా బతికారు, ఎవరి ముందూ మాట మార్చకుండా బతికారు. పైగా ఆయన పోయిన రోజే నా ఇంట్లో పెద్ద శుభం జరిగింది. ఆ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. నేను చదివింది ఏడో తరగతి. సంతోషం ఎక్కువై ఎక్కడైనా తప్పు రాస్తే మీరే దిద్దుకుని చదవండి.

నేను జగిత్యాల పక్క పల్లె నుంచి జెద్దా వచ్చాను. ఏజెంటు పెయింటర్ వీసా అంటే ఇళ్ల గోడలకు రంగు వేయాలేమో అనుకున్నాను. తీసుకొచ్చి ఓడలు బాగుచేసే యార్డులో దింపారు. నీళ్లన్నీ తోడేసిన గొయ్యి, అందులో దిమ్మెల మీద నిలబెట్టిన ఇనుప ఓడ. పైదాకా చూద్దామని తల ఎత్తితే నెత్తి మీది టోపీ కింద పడింది. ఆ టోపీ తీసి, దులిపి, మళ్లీ నా నెత్తిన పెట్టిన మనిషే మా ఉస్తాద్.

"యా హిందీ, ఓడను సూడకు. కండ్లు తిరుగుతయ్. నీ ముంగట ఉన్న జానెడు ఇనుము సూడు. గదే నీ పని" అన్నారు. హిందీ అంటే వాళ్ల భాషలో ఇండియావాడు.

ఆయన మాట్లాడేది అరబ్బీ, ఉర్దూ కలిసిన మాట. నాకు మాత్రం అది మా జగిత్యాల మాటలాగే వినబడేది. అందుకే అలాగే రాస్తున్నాను.

మా పని చిప్పింగ్. ఓడకు పట్టిన తుప్పునూ పాత రంగునూ సుత్తెతో కొట్టి రాల్చి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, ఆ తర్వాతే ప్రైమర్ వేయాలి. తుప్పు మీదే రంగు పూస్తే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. తిట్టేవారు కాదు. ఆ ముక్క ముందు స్టూలు వేసుకుని కూర్చుని, మనం మళ్లీ గీకేదాకా కాఫీ తాగుతూ ఉండేవారు. దానికన్నా తిట్లే నయమనిపించేది!

కాఫీ అంటే గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో ఒక ఓడ పని పూర్తయి నీళ్లలోకి దిగబోతోంది. పొద్దున్నే, కెప్టెనూ ఆఫీసు వాళ్లూ రాకముందే, ఉస్తాద్ ఫ్లాస్కు తెచ్చి మొదటి కప్పు అల్లం కాఫీని ఓడ ముక్కు మీద పోశారు. నేను అది ఒలికిందనుకున్నాను. కొత్త రంగు మీద మరక పడితే రంగు వేసినవాడికి కడుపు మండదా? పరుగెత్తి వెళ్లి, రంగు మరకలు తుడిచే తిన్నర్ గుడ్డతో తుడిచి, బ్రష్షుతో పైన ఒక చెయ్యి కూడా వేశాను. పనివాళ్లందరూ బిగుసుకుపోయారు. ఉస్తాద్ నన్ను చూశారు, గుడ్డను చూశారు, దిమ్మె మీద కూలబడి నవ్వారు.

"మా తాతల ఆచారాన్ని వీడు తిన్నర్ పెట్టి తుడిసిండు! ఇంకో కప్పు తేరా!"

అప్పుడే చెప్పారు. ఎర్ర సముద్రానికి అవతలి ఒడ్డున, జెద్దాకు దక్షిణంగా మసావా అనే రేవు ఉంది. ఆయన పుట్టిన ఊరు. అక్కడ యుద్ధ ఓడలు బాగుచేసే డాకులో ఆయన తాత, తండ్రి, ఆయన, ముగ్గురూ పనిచేశారు. ఓడ నీళ్లలోకి దిగే రోజు ఇటలీవాళ్లు సీసా పగలగొట్టేవారట, ఇంగ్లీషువాళ్లు బ్యాండు వాయించేవారట, ఇథియోపియా చక్రవర్తి కాలంలో పూజారులు వచ్చేవారట. పనివాళ్లు మాత్రం తెల్లవారగానే చడీచప్పుడు లేకుండా కాఫీ పోసేవారు. "దొరలు వచ్చేసరికే ఓడను నీళ్లకు ఒప్పజెప్పినం. గా తర్వాత వాళ్లు చేసేది తమాషా" అన్నారు.

ఆయన ఊరి చరిత్ర మొత్తం నాకు ఒక రంగు పెచ్చులో చూపించారు. ఓడకు ఏళ్ల తరబడి వేసిన రంగంతా ఒక్కోసారి అట్టలా మందంగా ఊడుతుంది. దాని అంచును వెలుతురులో పెడితే గీతలు గీతలుగా పొరలు కనిపిస్తాయి. అలాంటి పెచ్చు ఒకటి పట్టుకుని చెప్పారు.

"అడుగున నల్లగున్నది సూసినవా? టర్కీ సుల్తాను. దాని మీద సన్నటి గీత ఈజిప్టు పాషా. మా ఊరు దీవి, వాడు దానికి రోడ్డేసి నేలకు కలిపిండు. గీ మందపు బూడిదరంగు ఇటలీ. వర్క్‌షాపులు, నీళ్ల మీద తేలే డాకులు, ఏం హంగు, ఏం ఆర్భాటం! యుద్ధంల ఓడిపోతమని తెలిసి వాళ్ల ఓడలను, డాకులను వాళ్లే ముంచిండ్రు. మా రేవు వాకిట్ల! నేను పిల్లగాన్ని, మిద్దె మీదికెళ్లి సూసిన. దాని మీది పొర ఇంగ్లీషోడు. మునిగిన డాకులను మా నాయిన లాంటోళ్లతోని పైకి తీయించిండు. పోయేటప్పుడు మిషన్లు ఊడదీసుకుని తీస్కపోయిండు. అన్నిటికన్న పైది చక్రవర్తి నేవీ. ఒక్కడన్న కిందిదాక గీకిండారా? అందరు మీదికెళ్లి పూసుకుంట పోయిండ్రు."

"మరి కింద ఇనుము ఎవరు ఉస్తాద్?"

"మేమే గదరా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బ గుర్తొస్తే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఇక అసలు విషయం. ఆ రేవులో ఏ జెండా ఎగిరినా పనివాళ్లను ఒకటే ప్రశ్న అడిగేవారట: నీకు పని నేర్పింది ఎవరు? ఇటలీ కాలంలో నల్లవాడు మేస్త్రీ కాకూడదు. ఉస్తాద్ తండ్రి చేసిన పనికి తెల్లవాడు సంతకం పెట్టేవాడు. ఇంగ్లీషువాళ్లు వచ్చి అడిగితే ఆ తండ్రి, "మా నాయిన నేర్పిండు" అన్నాడు. వాళ్లు నవ్వి, ఇటలీవాళ్ల దగ్గర నేర్చాడని రాసుకున్నారు. చక్రవర్తి నేవీ వచ్చేసరికి మా ఉస్తాద్ వంతు. మేస్త్రీ పోస్టుకు పిలిచి అదే ప్రశ్న. ఆయన అదే జవాబు. "ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చానని చెప్పు, పోస్టు నీదే" అన్నారట. ఒక్క మాట! ఇంట్లో పెళ్లాం, చంటిపిల్ల. ఆయన చెప్పలేదు. పోస్టు పోయింది, తర్వాత పనీ పోయింది. చెక్క పడవ ఎక్కి జెద్దా వచ్చారు.

"బాధ లేదా ఉస్తాద్?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు లేదు? ఉన్నది. గా జవాబు సరైందే. దానికి పోస్టు ఇచ్చేటోడే నాకు దొరకలే" అన్నారు.

నా పెద్దకొడుకు పెరిగాక జెద్దా వచ్చి మా యార్డులోనే చేరాడు. పని నేను నేర్పాను. ఉస్తాద్ అప్పటికే పని మానేసి జెద్దా పాత బస్తీలో కూతురి ఇంట్లో ఉంటున్నారు. సెలవు రోజున మావాడు ఆయన దగ్గర కూర్చుని, సుత్తె చప్పుడును బట్టి ఇనుము ఎక్కడ పలచబడిందో చెప్పడం నేర్చుకున్నాడు. బంగారం లాంటి పిల్లవాడు, నా కొడుకని చెప్పడం కాదు!

ఈమధ్య యార్డులో ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అయింది. గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులకు తెలుసు. మామూలు పెయింటర్ ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, దాని మీద పెళ్లాంపిల్లలను తెచ్చుకోలేం. ఫోర్‌మన్ అయితే తెచ్చుకోవచ్చు. నా మనవరాలికి తండ్రి అంటే ఫోన్‌లో కనిపించే ముఖం. మావాడు సెలవు మీద ఇంటికి వెళ్తే, ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి ఫోన్ తెచ్చి "డాడీని చూపించు" అందట. అందుకే ఆ పోస్టు మాకు ప్రాణంతో సమానం.

పరీక్షకు ఐటీఐ లాంటి సర్టిఫికెట్ ఉంటే మంచిదన్నారు. మా గదిలోనే ఉండే నా బామ్మర్ది ఊరుకోలేదు.

"బావా, ఒక్క ఫోన్ కొడితే ఊర్ల సర్టిఫికెట్ తయారు జేసి పంపుతరు. అందరు జేసేదే. దేవుని లెక్క కూసుంటే పిల్ల ఎట్లొస్తది?"

నిజం చెబుతున్నాను, నా మనసు కూడా అటే లాగింది. ముగ్గురం కలిసి ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. ఆయన మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. విషయం విని, అల్లుడి చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నారు.

"సర్టిఫికెట్ మీద ఏం రాస్తరు?"

"ఫలానా కాలేజీల నేర్చిండని."

"నేర్చిండా?"

"లేదు."

"మరి వీని బాపు ఏడికి పోయిండు? సచ్చిండా?" అని నా వైపు వేలు చూపించారు. తర్వాత ఆయన మావాణ్ని దగ్గరికి పిలిచారు.

"వలద్, బిడ్డా, నేను గా జవాబు చెప్పి పోస్టు పోగొట్టుకున్న. నువ్వు పోగొట్టుకోవద్దు. గదే జవాబు చెప్పు, పోస్టు తెచ్చుకో. నేనింకా పోలే. నాకు సూడాలని ఉన్నది."

పరీక్షకు ముసలి ఈజిప్టు ఇంజనీరు కూర్చున్నాడు. ఏ కాలేజీ అని అడిగితే లేదన్నాడు మావాడు. మరి ఎవరు నేర్పారని అడిగితే, "మా నాన్న. ఆయనకు మసావా నుంచి వచ్చిన ఉస్తాద్. ఆ ఉస్తాద్‌కు వాళ్ల నాన్న" అన్నాడట. ఇంజనీరు లేచాడు. ఓడ దగ్గరికి తీసుకెళ్లి, సుత్తె చేతికిచ్చి, పలచబడిన చోట్లు గుర్తు పెట్టమన్నాడు. పెట్టాడు. "వెళ్లు, కబురు చేస్తాం" అన్నాడు. అంతే.

"కొంప ముంచినవ్ కదా అల్లుడా! పిల్లను ఇంక ఫోన్‌లనే పెంచు" అన్నాడు మా బామ్మర్ది.

"పోతే పోనీ మామా. నోట్లకెళ్లి ఇంకో మాట రాలే" అన్నాడు మావాడు. పోస్టు సంగతి దేవుడెరుగు. ఆ ఒక్క మాటకే నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. నలభై డిగ్రీల ఎండలో ఇనుము గీకిన తండ్రికి ఇంతకన్నా ఏం కావాలండీ?

ఆ సాయంత్రమే ఉస్తాద్‌కు చెప్పాం. మావాడి చేత ఆ జవాబును మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. "మసావా అన్నవా? పేరు పెట్టి అన్నవా?" అని అడిగారు. అన్నానని చెబితే కళ్లు మూసుకుని నవ్వుకున్నారు. కాసేపటికి, "పోస్టు?" అన్నారు. ఇంకా తెలియదన్నాం. "తెల్వంగనే నాకు చెప్పుండ్రి. పొద్దు మాపు సూడకుండ్రి. నేను పడుకున్నా లేపుండ్రి" అన్నారు. ఆయన నోట నేను విన్న చివరి మాట అదే.

కబురు రాకముందే ఆయన పోయారు.

ఆదివారం మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి శ్మశానానికి వెళ్లాను. మావాడూ వస్తానన్నాడు కానీ, ఆఫీసులో ఉండమని కబురొచ్చి ఆగిపోయాడు. ఆ ప్రార్థనలు వాళ్లవి కాబట్టి నేను లోపలికి వెళ్లకుండా గేటు దగ్గరే నిలబడ్డాను. యార్డు పాత పనివాళ్లు, సూడానీలు, యెమెనీలు, పాకిస్తానీలు, అందరూ వచ్చారు. ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి ఆయన సాగిపోయారు. అందరూ తలా పిడికెడు మట్టి వేసి బయటికి వస్తున్న వేళకు నా ఫోన్ మోగింది.

"బాపూ! అయింది!"

"ఏమైందిరా?"

"ఫోర్‌మన్! నన్నే! నేర్పినవాళ్లు అన్న జాగల తండ్రి అని రాసిండు ఇంజనీరు, బాపూ. నా కండ్ల ముంగట్నే రాసిండు!"

నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. శ్మశానం గేటు ముందు చేతులెత్తి కేక పెట్టాను. నవ్వు, ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి. జనం తిరిగి చూశారు. చూడనీయండి! చేతులకు అంటిన మట్టి దులుపుకుంటూ ఉస్తాద్ అల్లుడు గబగబా వచ్చాడు. "ఏమైంది భాయ్?" అన్నాడు. చెప్పాను. సరిగా చెప్పలేకపోయాను, పేరు, పోస్టు, తండ్రి, మసావా, అన్నీ కలిపేశాను. ఆయనకు అర్థమైంది. రెండు చేతులతో నా తల పట్టుకుని నొసటి మీద ముద్దు పెట్టాడు.

"లేపి చెప్పమన్నాడు కదా, ఆగు" అని వెనక్కి తిరిగాడు.

గేటు ఊచల మధ్య నుంచి చూస్తున్నాను. అందరూ బయటికి వస్తుంటే ఆయన ఒక్కడే లోపలికి నడిచాడు. ఇంకా తడి ఆరని మట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బాగా కిందికి వంగాడు. చెప్పాల్సింది ఒక్క మాటే. ఆయన మాత్రం చేతులు తిప్పుకుంటూ, ఆగి నవ్వుకుంటూ, చాలాసేపు చెబుతూనే ఉన్నాడు.