ఐలేశ్ కేకకు రెండే చుక్కలు

ఇదివరకు సారక్కకు తెల్లారుడంటే సద్ది కట్టుడే. పొద్దు పొడువకముందే గిన్నెల జొన్న గటక పోసి, పైన ఇంత చింతకాయ తొక్కు పెట్టి, తువ్వాల మూట కట్టి పెనిమిటి ఐలేశ్ చేతికిచ్చేది. ఆయన గొర్ల మందను తోలుకొని కొడకండ్ల గుట్టల దిక్కు పోయేటోడు. పోయిన వానకాలం ఆయన గుండె ఆగి పోయిండు. మంద మరిది చేతికి పోయింది. సద్ది కట్టే పని లేకుంటయింది. ఇప్పుడు తెల్లారితే ఆమె చాయ్ గిలాస పట్టుకొని అరుగు మీద కూసుంటది. పక్కన కొడుకు నరేందర్ ఫోన్ల చూసి చదువుతుంటే ఇంటది. వాడు చేసిన ఫోన్ ఆట మీద ఏ ఊరోళ్లో ఏమేమో రాస్తరు, ఆ మాటలు.

ఆ ఆట పేరు ‘తొవ్వ’. తండ్రి పోయినంక నరేందర్ పట్నంల కొలువు ఇడిసి వచ్చి, ఇంటి కాడనే కూసోని చేసిండు. అందుల కొట్లాట లేదు, తుపాకి లేదు, గెలుసుడు ఓడుడు లేదు. తెల్లటి మంచుల ఒక తొవ్వ కనవడ్తది, ఆడేటోడు దాని మీద నడువాలె, అంతే. యాడనో గొర్ల మెడ గంటలు మోగుతయి గని గొర్లు కనవడయి. తొవ్వ తప్పితే దూరం నుంచి ఒక కేక ఇనవడ్తది. ఆ కేక దిక్కు మల్లితే మల్ల తొవ్వ దొరుకుతది.

ఆ కేక ఐలేశ్‌దే. ఒకనాడు ఆయన మందను మలుపుతుంటే నరేందర్ ఆ కేకను ఊకెనే ఫోన్ల పట్టిండు. మనిషి పోయినంక చూసుకుంటే, ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క కేకే.

ఇగ ఆ రాసెటోళ్ల సంగతి. పొద్దంత నడుసుడే, ఏం కాదు, నా డాటా నాకు వాపస్ ఇయ్యి అని ఒకడు. వీని డాటా తోని ఎవ్వలన్న ఇల్లు కట్టుకున్నరా అనుకున్నది సారక్క. ఇంకొకడు పెద్ద తెలివిమంతుడు. నడిచి నడిచి ఆఖరుకు ఉత్త చేను కాడికి వస్తం, ఆడ ఏం లేదు, చేసినోడు సగంల ఇడిసిపెట్టిండు అని రాసిండు. సారక్క ముక్కుతోని నవ్వింది. మంద పెట్టిన చేను ఎట్లుంటదో వానికి ఏం తెలుసు. రాత్రంత గొర్లు ఆ చెలకల పండుకుంటయి, పెంట ఏస్తయి, తెల్లారి లేసి పోతయి. రైతుకు ఎరువు, గొల్లోనికి గింజలు. ఉత్త చేను కాదురా, మంద లేసి పోయిన చేను అది. చూసే కన్ను లేనోడు చుక్కలు ఏస్తాండు. ఈ ఆటలకు ఐదు చుక్కల లెక్కన మార్కులేస్తరంట.

తిట్టినోళ్లు నయం. మెచ్చుకున్నోళ్లను చూస్తె ఆమెకు ఇంకింత ఒళ్లు మండేది. ఎంత శాంతిగున్నదో, కలల నడిచినట్టున్నది, మనసు తేలికయింది అని రాసిండ్రు. సారక్క పెండ్లయినంక ఎన్నో ఎండకాలాలు మంద ఎన్క నడిచింది. నరేందర్‌ను సంకల ఏసుకొని, మొగుళ్లపల్లి చేన్ల పొంట, భూపాలపల్లి అడివి దాంక. తుమ్మ ముల్లు మడిమెల దిగి చీము పట్టినా ఆగేటందుకు లేదు, గొర్రె ఆగది. శాంతి అంట. మెత్తల మీద ఒరిగి, ఫ్యాన్ కింద, బొటనేలుతోని నడిచెటోళ్లకు శాంతి గాక ఏముంటది. ఐలేశ్ దినాలకు వచ్చినోళ్లు గూడ గిట్లనే ఉండిరి. చాయ్ తాగి, ఓర్సుకోవాలె అక్కా అని, పొయ్యేటప్పుడు గొర్లు అమ్ముతరా అని అడిగిండ్రు.

ఒకనాడు నరేందర్ చదువుకుంట చదువుకుంట ఆగిండు. కింది మాటలు దాటేసి వేరేటివి అందుకున్నడు. సారక్క చదివింది మూడో తరగతే గని కొడుకు గొంతు తడబడితే తెల్వదా. ఫోన్ గుంజుకొని వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నది. కల మంచిగ నడుస్తుంటే నడుమ ఆ పల్లెటూరోని అరుపు వచ్చి చెడగొడ్తాంది, దాన్ని తీసెయ్యిండ్రి అని రాసి ఉన్నది. రెండు చుక్కలు. దాని కింద ఇంకొందరు, ఔనౌను, మాకు గూడ అట్లనే అనిపించింది అని.

ఆమె ఫోన్ కొడుకు చేతుల పెట్టి గిలాస కడగపోయింది.

జనగామల ఉండే నరేందర్ దోస్తు కుమార్ అంతకుముందే చెప్పిండంట. ఆ కేక తీసి ఆడామె మెత్తటి రాగం ఏదన్న పెడితే చుక్కలు పెరుగుతయి, పట్నపోళ్లు పిలిచి మల్ల కొలువు ఇస్తరు అని. కేక తీసి ఉత్తగ ఇడిసిపెట్టరాదు. అది లేకుంటే తప్పినోనికి తొవ్వ దొరకది, ఆట ఆడనే ఆగుతది. ఏదో ఒక గొంతు కావాలె. మర్నాడు పొద్దుగాల నరేందర్ తల్లి పక్కన కూసోని మెల్లగ అడిగిండు. చిన్నప్పుడు నన్ను పండవెట్టెటప్పుడు తీసేటి రాగం ఉండె గదా, అది ఒక్కసారి ఫోన్ల తియ్యమన్నడు.

“మరి మీ బాపు కేక?”

“పారేస్తలేనే అవ్వా. పయిలంగ దాసుకుంట.”

“దాసుకున్న కేక ఏం కేకరా.”

నరేందర్ తల వంచుకున్నడు. అందరు గదే మాట అంటాండ్రు, నేనేం జెయ్యాలె అన్నడు.

“మీ బాపు గొర్లను మలుపనీకి పిల్సిండు. మనుషులకు ఇంపుగుంటదా లేదా అని ఎన్నడన్న సూసిండా? ఏ గొర్రె ఆయినకు రెండు చుక్కలిచ్చింది?”

“గట్లయితే ఎవ్వలు ఆడరే.”

“ఆడకుంటె ఆడకపోని. పిలిస్తె మల్లనోడు మన మందల వాడా?”

 అయినా తనడిగింది తల్లి కాదనదని నరేందర్‌కు నమ్మకం. ఫోన్ ఆమె దగ్గర పెట్టి, ఎర్ర గుండ్రం ఒత్తి రాగం తియ్యాలె, అయినంక మల్ల ఒత్తాలె అని రెండుసార్లు చూపెట్టిండు. పగటి బస్సుకు వస్త, రాంగనే ఆటల పెడత అని చెప్పి కుమార్ దగ్గరికి పోయిండు.

ఇల్లు సడి లేకుంటయింది. సారక్క ఫోన్ ఒళ్లె పెట్టుకున్నది. రాగం గొంతుల్నే ఉన్నది, మరిసిపోయింది కాదు. ఎర్ర గుండ్రం కనవడ్తనే ఉన్నది. ఆమె దాన్ని పక్కకు జరిపి ‘తొవ్వ’ తెరిసింది. అంతకుముందు ఎన్నడు ఆడలేదు. మంచుల కొంత దూరం సక్కగ నడిచి, కావాల్నని తొవ్వ ఇడిసి పక్కకు మల్లింది. తెల్లగ అయింది అంత. గంటలు ఆగినయి.

అప్పుడు ఐలేశ్ పిల్సిండు.

అరుపంట. గొంతుల బొంగురు, ఆఖరుకు పైకి లేసే ఆ సాగుడు, ఎండల నీళ్లు దొరకని మనిషి పిలుపది. ఇది ఇని కల చెడిందని ఏడ్చినోళ్ల మీద ఆమెకు కోపం గూడ రాలే. కోపానికి సుత వాళ్లు తగరు. ఇంకోసారి ఇననీకి మల్ల తొవ్వ తప్పింది.

పగటి బస్సు మూల మీద హారన్ కొట్టింది. ఇంకొంచెం సేపట్ల నరేందర్ గల్మల అడుగు పెడతడు, తీసినవా అవ్వా అని అడుగుతడు. వేరే ఆడామె గొంతు తెచ్చి బాపు జాగల పెట్టేటంత గుండె వానికి లేదని ఆమెకు ఎరుకే. రాగం తీస్తె తనే తియ్యాలె. టైం గూడ ఇంకింత ఉన్నది.

సారక్క ఫోన్‌ను గూట్ల పెట్టింది. రాగం తియ్యలే.