ఎంగిలి నాడె

కోనరావుపేట జలపతి తాత డప్పు కొట్టాడు, తండ్రి చెప్పులు కుట్టాడు. జలపతి మాత్రం సిరిసిల్ల వచ్చి సాంచాల మీద నిలబడ్డాడు. కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం. "అన్నా, గీ సాంచాకు నా కులం తెల్వదే. మా నాయిన మోసిన బరువు గిదే దించింది," అని నాతో చెప్పి మురిసిపోయేవాడు. పిచ్చివాడు! సాంచాకు తెలియదు గానీ, మాకు తెలుసు కదా.

మా పనిలో ఒక చిక్కుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం అయిపోయినప్పుడల్లా, దారం చుట్టిన కొత్త కండె పెట్టి, నాడె రంధ్రానికి నోరు ఆనించి దారాన్ని పీల్చి బయటికి తీయాలి. ఒకడు షిఫ్టు దిగితే ఇంకొకడు అదే నాడెకు నోరు పెడతాడు. అందరం ఒకే కులం గనుక ఎంగిలి పట్టింపు ఉండేది కాదు. జలపతి వచ్చాక అతని చేతికి ఒక తీగ ఇచ్చి, నోరు పెట్టొద్దన్నాం. తీగతో ఆలస్యమయ్యేది, సేటు చేత తిట్లు తినేవాడు.

2011, సకల జనుల సమ్మె. నడిరోడ్డు మీద వంటావార్పు చేశాం. జలపతి దిగాక అవే సాంచాలు ఎక్కే అంబదాసు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తన విస్తరిలోంచి ముద్ద తీసి పెట్టాడు. "గిప్పుడు అందరం ఒక్కటే తమ్మీ," అన్నాడు. జలపతి నమ్మాడు.

మర్నాడు సాంచాల దగ్గర అందరి ముందే నాడెకు నోరు పెట్టాడు.

అంబదాసు ఆ నాడెనే గుంజుకుని మూతి మీద కొట్టాడు. దాని మొన ఇనుముది. రెండు పళ్లు రాలాయి. "రోడ్డు మీది మాట రోడ్డు మీదనే!" అని అరిచాడు. ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు, మేం దాటకముందే అనేశాం. నలుగురం కాళ్లు చేతులు పట్టి జలపతిని షెడ్డు బయటికి విసిరేశాం. ఎడమకాలు పట్టింది నేనే. సిగ్గులేని బతుకు నాది. ఆ వెంటనే ఊరేగింపులో కలిసి జై తెలంగాణ అని గొంతు చించుకున్నాం.

తిరిగొచ్చేసరికి జలపతి లోపలే ఉన్నాడు. అతని నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. పగిలిన మూతి నుంచి గదవ మీదుగా నెత్తురు కారుతోంది, నాడెల రంధ్రాల దగ్గరా, నేసిన బట్ట మీదా మరకలే.

అంబదాసు కట్టె అందుకున్నాడు. జలపతి వెనక్కి తిరగలేదు.

"కొట్టు అన్నా. నేనైతే దిగ."

మొదటి దెబ్బకు కుడిచెయ్యి విరిగింది. రెండో దెబ్బకు కింద పడ్డాడు. కండెల్లో దారం ఉన్నంతసేపు సాంచాలు నడిచాయి, తర్వాత ఒక్కొక్కటే ఆగాయి. ఆ నాడెలకు నోరు పెట్టడానికి మాలో ఎవడూ ముందుకు రాలేదు.