ఒక్కొక్క కొసగా

ఓబప్ప షెడ్డు పక్కనుంచి పోయేవాళ్లు కొంగో తుండుగుడ్డో ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. వేడినీళ్లలో ఉడికిన పట్టుగూళ్లు, వాటిలో చచ్చిన పురుగులు. ఆ కంపు ఒంటికి పట్టుకుంటే స్నానం చేసినా వదలదు. ఓబప్ప మాత్రం ఆ పురుగుల గంప పక్కనే కూర్చుని సంగటి తినేవాడు. అతనికి రోత పుట్టించేది వేరే. చుట్టి తీసిన దారపు చిలపను వేళ్ల మధ్య జారవిడిచేటప్పుడు ఎక్కడైనా ఉండ తగిలిందా, అన్నంలో వెంట్రుక వచ్చినట్టు మొహం పెట్టేవాడు.

తమిళనాడు ధర్మపురి దగ్గరి వెల్లిచందైలో పుట్టి, మీసాలు రాకముందే కన్నడ సీమకు పోయి, ఒక సాయిబు దగ్గర పట్టు తీయడం నేర్చుకుని, ధర్మపురికి తిరిగొచ్చి షెడ్డు పెట్టాడు. నీళ్లలో తేలే గూళ్ల కొసలు కొన్ని కలిపి ఒకే దారంగా రాట్నానికి ఎక్కించాలి. ఒక గూడు అయిపోతే దాని చోట ఇంకొక కొస, ఒక్కటే, అందించాలి. తొందరపడి గుప్పెడు కొసలు విసిరితే ఉండ కడుతుంది. ధర్మపురి షెడ్లలో అందరూ గుప్పెడే విసిరేవారు. ఆడవాళ్లకు కూలి దారం తూకం మీద ఇచ్చేవారు. ఉండ కూడా తూగుతుంది కదా. ఓబప్ప తన షెడ్డులోనూ ఆ కూలే ఇస్తూ, ఆ దారమే అమ్ముతూ, ఏళ్ల తరబడి తనను తానే అసహ్యించుకున్నాడు.

ఎనభై మూడులో వాన తప్పింది. మల్బరీ తోటలు కట్టెలయ్యాయి. గూళ్ల అంగడి వెలవెలబోయింది. షెడ్లవాళ్లు పొయ్యిలు ఆర్పి, ‘వానొస్తే పిలుస్తాం’ అని ఆడవాళ్లను పంపేశారు. ఓబప్ప మాత్రం ఎవరూ ముట్టని మరకల గూళ్లు తెచ్చి తన ఆడవాళ్లను కూర్చోబెట్టాడు. తూకం కూలి ఎత్తేసి, నేర్చుకోవడానికే రోజుకూలి పెట్టాడు. ఆ కూలి కోసం అతని భార్య సాకమ్మ పాడి ఆవులను అమ్మింది.

“మేత లేదు, ఎట్లన్నా చచ్చేవే గానీ, నా పాలన్నీ నీ ఆడోళ్ల చేతుల్లో పోస్తా ఉండాను. వాళ్లకి పని రాకుంటే నిన్నే ఆ పొయ్యిలో పెడతా,” అంది.

సాకమ్మ అన్న రంగరాజుకు పక్క వీధిలోనే షెడ్డు ఉండేది. పొయ్యి ఆర్పేసి ఊరికే తిరుగుతూ ఒకనాడు గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏం బావా, షెడ్డా ఇది, పళ్లికూడమా?”

“నేర్పిస్తా ఉండాను.”

“పాసైనోళ్లకు దండ కూడా వేస్తావా?”

“షెడ్డు మొదలాళీ మీరు, దండ మీకే వేస్తాము,” అంది ఆ ఆడవాళ్లలో ఒకతె, మునియమ్మ, నీళ్లలోంచి చూపు తిప్పకుండా. “పని లేకుండా సుమ్మా నిలబడుకోని ఉండేది మీరొక్కరే.”

ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

మొదట్లో అందరికంటే ఎక్కువ ఉండలు మునియమ్మవే. ఓబప్ప ఆమె ముందే చిలపలు కోసి అవతల పడేసేవాడు. ఆమె తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టేది. వేసవి ముగిసేసరికి ఆమె దారం వేళ్ల మీద నీళ్లలా జారింది. కంచి నుంచి వచ్చిన షావుకారు దాన్ని పట్టి చూసి, ఇలాంటిదే ఇస్తే ఏడాది పొడవునా తనే కొంటానన్నాడు. గూళ్లు వచ్చి, ఈ చేతులు నిలిస్తే చాలనుకున్నాడు ఓబప్ప. ఆవులు పోయినా ఇల్లు నిలబడుతుంది.

వాన పడింది. తోటలు చిగిర్చాయి. కొత్త గూళ్లు వచ్చిన రోజు ఓబప్ప పొయ్యి ముట్టించి కూర్చున్నాడు. నీళ్లు కాగాయి. ఎవరూ రాలేదు.

రంగరాజు కూలి పెంచి అందరినీ తన షెడ్డుకు తీసుకుపోయాడు. ఓబప్ప అక్కడికి వెళ్లేసరికి పొయ్యిలన్నీ మండుతున్నాయి. అతని ఆడవాళ్లు గుప్పెళ్లు గుప్పెళ్లు కొసలు విసురుతున్నారు.

“రా బావా, కూర్చో. నీ పళ్లికూడం పిల్లలు బాగా చేస్తా ఉండారు,” అన్నాడు రంగరాజు.

“ఉండలు పడతా ఉండాయి.”

“తూకం వస్తా ఉండాది కదా.”

“ఉండలకే అయితే వీళ్లెందుకు? ఎవురైనా చేస్తారు.”

రంగరాజు గొంతు తగ్గించాడు. “నీ దగ్గర నేర్చుకున్నోళ్లంటే కంచి షావుకారు విప్పి చూడకనే కొంటాడబ్బా. పైన నాలుగు మంచి చిలపలు పెడితే చాలు.”

ఓబప్ప మునియమ్మ వైపు తిరిగాడు. ఆమె తలెత్తలేదు.

“సన్నదారమని చెప్తే బిడ్డల కడుపు వినదన్నా. ఈడ కూలి ఎక్కువ,” అంది.

ఆమె మీద అతనికి కోపం రాలేదు. రంగరాజు కాఫీ లోటా చేతికిచ్చి, “తాగు బావా, మనలో మనకేమి,” అని వీపు తట్టాడు. అప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, ఓబప్పకు చచ్చిన పురుగుల కంపు తగిలింది. లోటా కింద పెట్టి, గోడ అవతలికి పోయి, కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు.

షావుకారు మోసం కనిపెట్టాక ధర్మపురి దారమే వద్దన్నాడు. ఓబప్ప దారాన్ని కూడా అతను విప్పి చూడలేదు.

ఆ వారమే సాకమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది.

“ఊరికే చూస్తావేమి? ఆవులు నావి. కొస ఎట్ల పట్టేది చెప్పు.”

ఓబప్ప చెప్పాడు. ఒక్కొక్క కొసగా. ఆమె కన్నుమూసేదాకా ఆ షెడ్డులో ఒకే పొయ్యి మండింది. ఆ దారంలో ఉండ ఉండేది కాదు, కొనేవాడు అరుదుగా ఉండేవాడు. మధ్యాహ్నం సంగటి మాత్రం ఓబప్ప బయట, గాలికి ఎదురుగా కూర్చుని తినేవాడు.